డాబా మీదికి దిగిన కబురు

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. విద్యుదయస్కాంత తరంగాల పాఠం ఏటా వస్తుంది. ఏటా బోర్డు మీద అవే రెండు వంకర గీతలు గీస్తాను, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. తరంగదైర్ఘ్యం ఇస్తే పౌనఃపున్యం ఎలా కట్టాలో, నాలుగు జవాబుల్లో తప్పు మూడింటిని ఎలా కొట్టేయాలో పిల్లలకు నేర్పుతాను. ఆ పాఠం ఎంత అలవాటైపోయిందంటే, నోరు దాన్ని అప్పజెబుతుంటే మనసు సాయంత్రానికి ఏం కూర కొనాలా అని ఆలోచిస్తూ ఉండేది. అన్నేళ్లు తరంగాల గురించి చెప్పానే గాని, ఒక్క తరంగాన్నీ నా చేత్తో పంపింది లేదు, పట్టుకున్నది లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోనులో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో కంటపడింది. కొండమీద కూర్చున్న ఒకాయన చేతిలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద బోర్డు ఉంది, దానికి వేలెడంత యాంటెన్నా. సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు. ఎక్కడో దూరంగా కింద ఊళ్లో ఉన్న భార్యకు దానితో కబురు పంపాడు. ఆమెకు అందింది. ఈ పద్ధతిని లోరా అంటారట. మన ఫోన్లలా గడగడా మాట్లాడేయదు. ఒక్కో అక్షరాన్నీ సాగదీసి, నెమ్మదిగా చెబుతుంది. అందుకే గుసగుసంత శక్తితో పంపినా, ఎంత గోలలోనైనా అవతలివాళ్లు పోల్చుకోగలుగుతారు.

నేను లేచి కూర్చున్నాను. ఆ సాయంత్రమే రెండు బోర్డులు తెప్పించడానికి ఆర్డరు పెట్టాను.

అవి వచ్చిన రోజు మావారు బ్యాంకు నుంచి వచ్చి టేబుల్ మీద వాటిని చూశారు.

"ఏంటే ఇవి?"

"వీటితో మనం కబుర్లు పంపుకోవచ్చు."

"ఫోన్లున్నాయి కదా."

"వీటికి రీఛార్జ్ అక్కర్లేదు."

"మాట్లాడొచ్చా?"

"లేదు, రాసి పంపడమే."

"ఫొటోలు?"

"వెళ్లవు."

"మరి దేనికి?"

 ఒక బోర్డు ఆయన చేతిలో పెట్టి, వీధి చివరి మెడికల్ షాపు దాకా వెళ్లి రమ్మన్నాను. బ్లూటూత్‌తో బోర్డును ఫోనుకు కలిపితే, ఫోనులో రాసింది బోర్డు గాల్లోకి పంపుతుంది. "షాపు దగ్గరున్నాను, ఇంకేమైనా తేవాలా" అని వచ్చింది. మామూలుగా ఫోనులో రోజూ వచ్చే మాటే. అయినా లేచి కిటికీ దగ్గరికెళ్లి వీధిలోకి చూశాను. మధ్యలో ఏ కంపెనీ లేదు, ఏ టవరూ లేదు. ఆయన చేతి నుంచి బయలుదేరిన తరంగం మా వీధిలోని నాలుగంతస్తుల ఇళ్ల మధ్య గోడలకు కొట్టుకుంటూ, వంగుతూ, మా కిటికీలోంచి లోపలికి వచ్చింది. నేను క్లాసులో నల్లబోర్డు మీద గీసే గీత అదే.

మేముండేది ఎల్‌బీ నగర్ వెనక కాలనీలో, అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో. కాలేజీకి మెట్రోలో వెళతాను. మర్నాడు ఒక బోర్డును కిటికీలో పెట్టి, రెండోది బ్యాగులో వేసుకున్నాను. స్టేషన్‌లో స్కానర్ దగ్గర సెక్యూరిటీ ఆమె బ్యాగు పక్కకు పెట్టించింది.

"ఏంది మేడమ్ గిది?"

"చిన్న రేడియో."

"పాటలొస్తయా?"

"రావు."

"వార్తలు?"

"అవీ రావు."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి గిదేం రేడియో?" అని అడిగి, తన పైఆఫీసరును పిలిచింది. ఆయన నా కాలేజీ ఐడీ కార్డు చూసి, ఫిజిక్స్ అని చదివి, అంతా అర్థమైనట్టు తలాడించి పంపేశాడు.

ప్లాట్‌ఫాం మీద నిలబడి నేను పంపిన కబురు ఇంట్లోని బోర్డుకు చేరింది. చేరినట్టు చిన్న టిక్కు గుర్తు వచ్చింది. రైలు కదిలింది. తర్వాతి స్టేషన్ దగ్గర కూడా వచ్చింది గాని, బాగా ఆలస్యంగా. చైతన్యపురికి వచ్చేసరికి ఏమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాక మెట్ల దగ్గర ఆగి మళ్లీ మళ్లీ పంపాను. టిక్కు పడలేదు. నిరాశపడాల్సింది, కానీ నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. కారణం తెలిసిపోయింది కాబట్టి. కిటికీ సరిపోదు. ఎత్తు కావాలి. రెండు చివరలూ డాబాల మీద ఉండాలి.

మా డాబా ఇంటి ఓనరు అంకుల్‌ది. మా కాలనీ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల పొలాలుండేవి. ఇప్పుడు ఆ నేల మీదే వాళ్లకు మూడు బిల్డింగులున్నాయి, కిరాయిలొస్తాయి. ఆయనకు రోజంతా తీరికే. నేను పైపు ముక్కా, వైర్లూ పట్టుకుని మెట్లెక్కుతుంటే ఎదురొచ్చారు.

"మేడమ్, సెల్ టవర్ పెడ్తున్నరా? పక్క గల్లీల పెడ్తే అందరు లొల్లి జేసిన్రు."

"టవర్ కాదు అంకుల్. మీ వరండాలో జీరో బల్బు కంటే చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది."

"మరి గంత తక్కువ కరెంటుతోటి ఏం పని జేస్తది?"

"దిల్‌సుఖ్‌నగర్ దాకా కబురు పంపుతుందేమో చూద్దామని."

"నెట్టు లేకుండనా?"

"నెట్టు లేకుండానే."

"సిమ్ము?"

"సిమ్ కూడా లేదు."

 "అయితే నా ఫోన్ల గూడ అది ఎక్కియ్యాలె. లేకుంటే డాబా ఇయ్య" అన్నారు.

అలా ఒప్పందం కుదిరింది. నీళ్ల ట్యాంకు స్టాండుకు ప్లాస్టిక్ పైపు కట్టి, దాని కొసకు యాంటెన్నా బిగించాం. అంకులే తీగలు చుట్టి, గాలికి ఊగకుండా చూశారు. బోర్డును ఒక పాత టిఫిన్ డబ్బాలో పెట్టి, వాన తగలకుండా మూత చుట్టూ టేపు అంటించి, అంకుల్ ఫోనును దానికి కలిపాను. అటు కాలేజీలో సూపర్‌వైజర్‌ను అడిగి డాబా తాళం తీసుకున్నాను. భోజనాల సమయంలో పైకెళ్లాను. కింద బస్టాపుల్లో జనం, హాస్టళ్ల కిటికీల్లో ఆరేసిన బట్టలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మధ్యనుంచి మెట్రో లైను. ఇంత సిమెంటు దాటుకుని ఏ తరంగం పోతుందిలే అనిపించింది. పిట్టగోడ మీద బోర్డు పెట్టి, "అంకుల్, అందిందా" అని రాశాను.

టిక్కు పడలేదు. యాంటెన్నా నిటారుగా లేదని గమనించి సర్ది, మళ్లీ పంపాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత టిక్కు పడింది. నేను ఇంకా దాన్నే చూస్తుండగా కింద ఒక వరుస వచ్చింది.

"మేడమ్ చాయ్ తాగిన్రా"

ఆ డాబా మీద నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి సరిపోయింది. చున్నీ నడుముకు చుట్టుకుని చిన్నపిల్లలా గెంతాను. వెంటనే ఫోన్ చేసి చెబుదామనుకుని, ఫోన్ చేస్తే ఇంకేముంది అనుకుని, "తాగలేదు అంకుల్, ఇప్పుడు తాగుతా" అని దాని మీదే రాశాను. మధ్యాహ్నం క్లాసుకు వెళ్లినా ముఖం మీద నవ్వు ఆగలేదు. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

మా స్టాఫ్‌రూం సరిగ్గా ఆ డాబా కిందే కావడంతో బోర్డును అక్కడే ఉంచేశాను. ఆ తర్వాత అంకుల్ కబుర్లకు హద్దు లేకుండా పోయింది. నీళ్ల ట్యాంకర్ వచ్చింది, కరెంటు పోయింది, వనస్థలిపురం దిక్కు మబ్బు పట్టింది, గొడుగు ఉన్నదా. క్లాసు క్లాసుకూ మధ్య చూసుకుంటే ఏదో ఒకటి ఉండేది. ఆంటీ, అంటే ఆయన భార్య, మాత్రం "ఇంట్ల నాతోని ఇన్ని మాటలు మాట్లాడడు" అని నాతో దెప్పింది.

ఒకరోజు ప్రిన్సిపాల్ సార్ పిలిపించారు. వెళ్లేసరికి ఆయన టేబుల్ మీద నా బోర్డు ఉంది. డాబా మీద ఏదో యాంటెన్నా కనిపించిందని ఎవరో తెచ్చి ఇచ్చారట.

"మేడమ్, ఇది మీదేనా? ఏం చేస్తుంది ఇది?"

నేను మొదలుపెట్టాను. తక్కువ శక్తి, ఎక్కువ దూరం, లైసెన్సు అక్కర్లేని బ్యాండు, అన్నీ చెప్పాను. సూపర్‌వైజర్‌ను అడిగే పెట్టానని చెప్పాను. ఆయన వినీ విననట్టు చూస్తున్నారు. ఇంతలో నా చేతిలోని ఫోను కూత పెట్టింది. బోర్డు ఇంకా ఆన్‌లోనే ఉంది. డాబా మీద నుంచి కిందికి దించినా, ఆ గది కిటికీ ఎల్‌బీ నగర్ వైపే ఉండటంతో ఎలాగో అందింది.

"ఏంటది?" అన్నారు.

దాచలేక చూపించాను. "మేడమ్ పాలు విరిగినయ్, ఆంటీ పరేషాన్ల ఉన్నది, వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ తెండ్రి" అని ఉంది.

సార్ దాన్ని చదివారు. మళ్లీ చదివారు. ఆయన నవ్వడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఇది ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిందా? ఈ డబ్బాలోకి?"

"అవును సార్."

ఆయన బోర్డు చేతిలోకి తీసుకుని బరువు చూశారు. తర్వాత ముఖం మళ్లీ మామూలుగా పెట్టుకున్నారు. "బాగుంది మేడమ్. కానీ మన డాబా మీద వద్దు. పేరెంట్స్ వస్తుంటారు, చూస్తే సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు. పిల్లలకు కూడా చెప్పకండి, ఎంట్రన్స్‌లో రాదు."

ఆ సాయంత్రం పాల ప్యాకెట్టూ, బోర్డూ రెండూ బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చాను. అంకుల్ మెట్ల దగ్గరే ఉన్నారు. సంగతి చెబితే ఆయన నాకంటే ఎక్కువ డీలా పడ్డారు. ఇద్దరం డాబా మీద కూర్చున్నాం.

"ఇగ అటు దిక్కు బందేనా?" అన్నారు. తర్వాత, "గిది పక్కకే పోతదా, పైకి గూడ పోతదా?" అని అడిగారు.

ఆయన ఏదో మాటవరసకు అడిగారు. కానీ నేను తలెత్తి ఆకాశం వైపు చూశాను. పైన అడ్డమేముంది? పక్కకు పోతే అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు. పైకి పోతే ఉత్త గాలే. అది కూడా కాస్త దూరమే. ఇదే లోరా పద్ధతిలో మాట్లాడే బుల్లి ఉపగ్రహాలు ఉన్నాయని, చెప్పుల డబ్బా కంటే చిన్నవని, రోజూ మన నెత్తిమీదుగా పోతూ తమ క్షేమసమాచారాలు చెబుతుంటాయని, ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరైనా వినొచ్చని ఎక్కడో చదివాను. తిరిగి మాట్లాడాలంటే లైసెన్సు కావాలి. వినడానికి చెవులుంటే చాలు.

"అంకుల్, పైనుంచి కిందికి వస్తుంది" అన్నాను. "మనం వినాలి, అంతే."

వాటి బ్యాండు వేరు కాబట్టి వేరే బోర్డు తెప్పించాను. యాంటెన్నా మాత్రం సొంతంగా చేద్దామనుకున్నాను. వడ్రంగులు కొలతకు వాడే స్టీలు టేపు ఒకటి కొనుక్కొచ్చి, డాబా మీద కూర్చుని రేకుల కత్తెరతో ముక్కలు చేస్తుంటే అంకుల్ పైకొచ్చారు.

"మంచిగున్న టేపు ఎందుకు కోస్తున్నరు బిడ్డా?"

"ఇవే యాంటెన్నా కొమ్ములు."

మూరెడు కంటే తక్కువ పొడవున్న ముక్కలు మూడు. వాటిని ప్లాస్టిక్ పైపుకు అడ్డంగా, చేప ముల్లులా బిగించాను. కొలత ఎంత ఉండాలో లెక్క కట్టేటప్పుడు నేను ఏటా బోర్డు మీద రాసే సూత్రమే వాడాను. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగించడం, అందులో సగం. ఇన్నాళ్లూ అది నాలుగు జవాబుల్లో ఒకటి. ఇప్పుడు అది నా ఒళ్లో ఉంది, అంచులు చేతికి కోసుకుంటున్నాయి.

మొదటిసారి ఒక్కదాన్నే ప్రయత్నించాను. ఉపగ్రహం ఎప్పుడు, ఎటునుంచి వస్తుందో చెప్పే యాప్ ఉంది. ఒక చేత్తో యాంటెన్నా, ఒక చేత్తో ఫోను పట్టుకున్నాను. బోర్డు తెర చూడటానికి మూడో చెయ్యి లేదు. అది వచ్చింది, పోయింది. ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించినా ఏమీ రాలేదు. తరువాత కూర్చుని నా సెట్టింగులన్నీ మొదటినుంచీ చూసుకుంటే తప్పు దొరికింది. ఆ ఉపగ్రహం మాటను ఎంత సాగదీసి పంపుతుందో, అంతే సాగదీసి వినేలా మన బోర్డును ముందే సర్దాలి. నేను వేరే ఉపగ్రహానికి ఉండాల్సిన అంకె పెట్టాను. అదక్కడ తీరిగ్గా రాగం తీస్తుంటే, నేనిక్కడ పరుగెత్తే మాట కోసం చెవి ఒగ్గాను. తప్పు తెలిసినందుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మావారిని లేపి మరీ చెప్పాను.

"రేపు ఆదివారమే కదా. మనిషి తక్కువైతే నేనూ వస్తాలే" అన్నారు ఆయన, కళ్లు తెరవకుండానే.

ఆదివారం పొద్దున టిఫిన్లు కాకముందే అందరం డాబా మీదున్నాం. నేను యాంటెన్నా, మావారు బోర్డు తెర, అంకుల్ యాప్. ఒక మూల ఆంటీ పాత చీర పరిచి వడియాలు పెడుతోంది.

"ఆకాశం దిక్కు జూస్కుంట నా వడియాలు తొక్కకుండ్రి" అని ముందే హెచ్చరించింది.

యాప్ దిక్కును డిగ్రీల్లో చెబుతుంది. అంకుల్‌కు ఆ అంకెలు నచ్చలేదు. బాణం ఎటు చూపిస్తే అటు ఉన్న ఊరి పేరు చెబుతున్నారు.

"సాగర్ రోడ్డు దిక్కు నుంచి లేస్తున్నది. కింద, కింద. ఇంక కొంచెం ఎడమకు."

నేను అటు తిప్పాను. ఎండ కళ్లలో పడుతోంది. ఆకాశంలో ఏమీ కనబడదు, కనబడదని తెలుసు. అయినా కళ్లు చికిలించి వెతుకుతున్నాను.

"ఏమైనా వచ్చిందా?" అన్నాను.

"లేదు," అన్నారు మావారు.

"పైకెక్కుతున్నది బిడ్డా. వనస్థలిపురం మీదికొచ్చింది. లేపు, లేపు."

చేతులు పైకెత్తాను. పైపును కాస్త మెలితిప్పాను. కొమ్ములు పడుకుని ఉంటే ఒక రకంగా, నిలబడి ఉంటే ఒక రకంగా వింటాయి. ఉపగ్రహం అక్కడ దొర్లుతూ ఉంటుంది కాబట్టి ఏది సరైనదో ముందుగా తెలియదు.

"వచ్చింది," అన్నారు మావారు.

చాలా మామూలుగా అన్నారు. తర్వాత ఆయనకే నమ్మకం కుదరనట్టు, "ఏయ్, వచ్చిందే. ఏదో వచ్చింది. అంకెలు" అన్నారు.

"చదవండి."

"బ్యాటరీ... నాలుగు వోల్టులకు కొంచెం తక్కువ. ఉష్ణోగ్రత, మైనస్ ఆరు. ఇంకోటి వచ్చింది. ఇది మైనస్ అయిదు."

 చేతులు దించితే పోతుందేమోనని దించలేదు. మైనస్ ఆరు. ఎల్‌బీ నగర్‌లో ఎండాకాలం పొద్దున, వడియాలు ఎండే ఎండలో నిలబడి, నేను ఆ చలిని విన్నాను. వందల కిలోమీటర్ల ఎత్తున చెప్పుల డబ్బా అంత లేని వస్తువు, చిన్న బల్బు వెలిగించలేనంత శక్తితో, నాకు చలిగా ఉంది, బాగానే ఉన్నాను అని చెప్పింది. నేను కత్తిరించిన టేపు ముక్కలు దాన్ని పట్టుకున్నాయి.

"ఉప్పల్ దిక్కు పోతున్నది," అన్నారు అంకుల్.  "పోతున్నది, పోతున్నది. ఇగ పోయింది."

 మావారు తెరనే చూస్తున్నారు. ఆయన దేనికి అని మళ్లీ అడగలేదు.

"ఇప్పుడు యాడున్నది అది?" అని అడిగింది ఆంటీ, పిండి చేతులతోనే.

యాప్ చూసి, "ఢిల్లీ మీదుంది" అన్నారు అంకుల్.

"గిప్పుడే ఈడ ఉండె కదా."

"గిప్పుడే ఉండె."

ఆంటీ లేచి నిలబడి ఉత్తరం వైపు చూసింది. "మళ్ల వస్తదా?"

"గంటన్నరకు మళ్లీ వస్తుంది ఆంటీ. ఈసారి కొంచెం పక్కగా."

అంకుల్ అప్పటికే కిందికి వెళ్లి పక్కింటాయనకు చెప్పడం మొదలుపెట్టారు. మావారు మా అందరికీ ఇడ్లీలు తెచ్చి, తిన్నాక కిందికి వెళ్లారు. రెండోసారి వచ్చే సమయానికి డాబా మీద నేనూ, ఆంటీయే ఉన్నాం. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"నేను వట్టుకోవచ్చా?"

పైపు ఆమె చేతికిచ్చి, నేను తెర పట్టుకున్నాను. ఆమెకు డిగ్రీలు చెప్పాలో, ఊళ్లు చెప్పాలో తెలియక భుజం పట్టుకుని తిప్పాను. పడమటి వైపు, ఆకాశం అంచుకు దగ్గరగానే పోతోంది. అంత కిందుగా ఉంటే రాదేమో, ఆమెకు నిరాశవుతుందేమో అనుకున్నాను. ఆంటీ పైపును రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడింది.

ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది, నాలుగోది. అంతకుముందు మా ముగ్గురికీ కలిపి వచ్చినవాటి కంటే ఎక్కువ.

"ఏమంటున్నది?" అంది, ఆకాశం మీదనుంచి కళ్లు తిప్పకుండానే.

"మైనస్ రెండు. ఎండ తగిలినట్టుంది, కాస్త వేడెక్కింది."

"మంచిదే," అంది ఆంటీ. పైపు కిందికి దించకుండానే, "వాళ్లను పిలువు, జల్ది, నాకు నాలుగొచ్చినయని చెప్పు" అంది.

నేను పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి కిందికి వంగి పిలిచాను.